బీవరు ఖాతాల్లో పోటీ జాడ పట్టడం ఎలా?

కెనడాలో తోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్ బే కంపెనీ పాత ఖాతాలు తెరిచేముందు పౌండ్లు, షిల్లింగులు పక్కన పెట్టండి. అక్కడ కొలమానం ‘మేడ్ బీవర్’, అంటే మేలురకం పెద్ద బీవరు (నీటి ఒడ్డున బతికే బొచ్చు జంతువు) తోలు ఒకటి. ఇతర తోళ్లు, తుపాకులు, దుప్పట్లు అన్నీ ఆ లెక్కలోకే మారతాయి.

తర్వాత కంపెనీ ధరల పట్టికను నిజంగా వచ్చిన తోళ్లతో పోల్చండి. పట్టికకు మించి గుమాస్తా రాబట్టిన మిగులే ‘ఓవర్‌ప్లస్’. అసలు కథంతా ఇక్కడే ఉంది: ముందు ఫ్రెంచి వ్యాపారులు, తర్వాత పోటీ సంస్థ నార్త్ వెస్ట్ కంపెనీ దగ్గరికొచ్చిన కొద్దీ తోళ్లు తెచ్చే స్థానిక క్రీ తెగ వేటగాళ్లకు బేరమాడే బలం వచ్చేది, సాధారణంగా ఈ మిగులు కరిగేది.

దుప్పటి అంచు గీతలను ధరగా లెక్కేస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే; అవి సైజును చెబుతాయి. 1821లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి కాబట్టి పోలిక అక్కడితో ఆపండి.