మళ్లీ లేబర్ రూమ్‌లో అడుగుపెట్టేముందు

పిల్లల కోసమో, గల్ఫ్‌కి వెళ్లో పదేళ్లు డ్యూటీకి దూరమైన స్టాఫ్ నర్సు ముందుగా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం తీసి చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి 150 గంటల సీఎన్‌ఈ (ఉద్యోగంలో ఉంటూ చేసే నర్సింగ్ శిక్షణ) అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో చేయించుకున్నవాళ్లు ఇప్పుడు ఏ కౌన్సిల్ కిందికి వస్తారో కనుక్కోవాలి. హెపటైటిస్ బి టైటర్ (రక్తంలో రక్షణ యాంటీబాడీల స్థాయి) 10 ఎంఐయూ/మి.లీ. కన్నా తక్కువుంటే మళ్లీ టీకా.

పీవీ (యోనిలో వేళ్లతో చేసే పరీక్ష) చేసిన చేతులు అంత తేలిగ్గా మరిచిపోవు. ఇబ్బందంతా పాత అలవాట్లతోనే. గర్భాశయ ముఖం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకోగానే యాక్టివ్ లేబర్ (కాన్పు నొప్పుల ఉధృత దశ) అనుకుని నొప్పులు పెంచే డ్రిప్ కోసం తొందరపడే రోజులు పోయాయి. డబ్ల్యూహెచ్‌ఓ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ ఆ దశను ఐదు సెంటీమీటర్ల నుంచి లెక్కపెడుతుంది. తొలిచూలు అందరికీ ఎపిసియాటమీ (యోని ద్వారం దగ్గర కోత), ఎనిమా, షేవింగ్, పొట్ట మీద నొక్కడం వద్దు. ఏడ్చిన బిడ్డకు నోరు, ముక్కు సక్షన్ అక్కర్లేదు. బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి క్లాంప్ చేయాలి.

ఎక్కువ సాధన కావాల్సింది రక్తస్రావం దగ్గర. బిడ్డ పుట్టగానే పొట్ట తడిమి, లోపల ఇంకో బిడ్డ లేదని చూసుకుని, నిమిషంలోపు గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. మన ఆంపూల్ సాధారణంగా 5 యూనిట్లది, అంటే రెండు. మే నెల ఎండలో ట్రేలోనే వదిలేసిన ఆంపూల్‌కి బలం తగ్గుతుంది. ఇంజెక్షన్ ఇచ్చాం కదా, గర్భసంచి గట్టిపడదేం అని తల పట్టుకోవాల్సి వస్తుంది. 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీయాలి.

రక్తాన్ని కంటితో అంచనా కడితే దాదాపు ఎప్పుడూ తక్కువే తేలుతుంది. రక్తం కొలిచే గీతలున్న డ్రేప్ (ప్లాస్టిక్ సంచి షీటు) పిరుదుల కింద పరవండి. 500 మి.లీ. దాటినా, 300 దగ్గరే పల్స్ పెరిగి బీపీ పడుతున్నా గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్ డ్రిప్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒకేసారి మొదలవ్వాలి. ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, పది నిమిషాల్లో మెల్లగా నరానికి. గబగబా తోస్తే బీపీ పడిపోతుంది. కాన్పయి మూడు గంటలు దాటితే ఇవ్వకూడదు. గర్భసంచిని బిగించే మెథర్జిన్ ఇంజెక్షన్ తీసేముందు బీపీ చూడండి, ఎక్కువుంటే దాని జోలికి పోవద్దు.

ఊపిరి తీసుకోని బిడ్డకు గాలి అందించే బ్యాగ్–మాస్క్ సాధన బొమ్మ మీద రోజూ పది నిమిషాలు చేయండి, నిమిషానికి 40–60 శ్వాసలు. ఛాతీ లేవకపోతే ముందు మాస్క్ అంచు, తర్వాత మెడ వాటం సరిచూడండి. భుజాల కింద చిన్న గుడ్డ మడత చాలు.

మొదటి నెల పగటి షిఫ్టులోనే, సీనియర్ సిస్టర్ పక్కన రెండో చేయిగా వేయమని అడగండి. మొహమాటపడి ఒంటరి నైట్ డ్యూటీ ఒప్పుకోవద్దు.