క్రిమినల్ బారిస్టరు జడ్జి కావాలంటే: ఇంగ్లండులో దారి

ఇంగ్లండులో న్యాయమూర్తి పదవి సీనియారిటీతో దానంతట అది రాదు. దరఖాస్తు చేసుకొని పోటీలో నెగ్గాలి. ఇన్‌లు అనే నాలుగు బారిస్టర్ల సంఘాలలో ఒకదానిలో సభ్యత్వం, బార్ కోర్సు, సీనియర్ బారిస్టరు దగ్గర ఏడాది శిక్షణ (ప్యూపిలేజ్) ముగిశాక, తీవ్ర నేరాలను విచారించే క్రౌన్ కోర్టులో ప్రాసిక్యూషన్ తరఫునా ముద్దాయి తరఫునా కూడా కేసులు వాదించండి. ఒకే పక్షాన నిలిచినవారికి తూకం పట్టే చూపు ఆలస్యంగా అలవడుతుందని నా నమ్మకం.

తర్వాతి మెట్టు రికార్డర్, అంటే పార్ట్‌టైమ్ జడ్జి పదవి. కనీసం ఏడేళ్ల వృత్తి అనుభవం ఉన్నవారు, ప్రాక్టీసు మానకుండానే, ఏడాదికి సుమారు 30 రోజులు న్యాయపీఠంపై కూర్చోవచ్చు. ఎంపిక 2006లో ఏర్పడిన జ్యుడీషియల్ అపాయింట్‌మెంట్స్ కమిషన్ చేతిలో ఉంటుంది కనుక, దరఖాస్తులో గొప్పలు కాకుండా, ఒక చిక్కు ఎదురైనప్పుడు మీరు ఏ నిర్ణయం తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో రాయండి.

అసలు కష్టం వాదించే అలవాటును అదుపులో పెట్టుకోవడమే. నేరనిర్ణయం 12 మంది జ్యూరీది. వారికి దారి చూపడం జడ్జి పని. అందుకు ప్రశ్నలను కాగితంపై ఇలా రాసి సాధన చేయండి: ‘కొట్టింది ఇతడేనని మీకు నిశ్చయమేనా? కాదంటే నిర్దోషి. అవునంటే, ఆత్మరక్షణ కోసం కొట్టి ఉండవచ్చా అన్న రెండో ప్రశ్నకు వెళ్లండి.’

రికార్డర్‌గా అనుభవం వచ్చాక, క్రౌన్ కోర్టులో శాశ్వతంగా కూర్చునే సర్క్యూట్ జడ్జి పదవికి పోటీపడవచ్చు. అయితే ఆ జీతపు పదవి స్వీకరించినవారు మళ్లీ వకాల్తాకు తిరిగి వెళ్లరాదు. ఇంట్లోవారితో మాట్లాడుకున్నాకే సంతకం చేయండి.