ఇంగ్లీషు మాటల లోగుట్టు – 6వ పాఠం: విండ్

ఈ పాఠానికి డిక్షనరీ పక్కన పెట్టేయండి. విండ్ కింద ఉన్న అర్థాలన్నీ వరసగా బట్టీ పడితే వారం తిరక్కుండానే మర్చిపోతాం. ఈ మాట ఎదురైనప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకోవడం నేర్చుకుందాం.

మొదటిది: దీన్ని పలకడం ఎలా? డబ్ల్యూ, ఐ, ఎన్, డి అనే నాలుగు అక్షరాల వెనక సంబంధం లేని రెండు మాటలున్నాయి. విండ్ అంటే గాలి. వైండ్ అంటే చుట్టడం, మెలికలు తిరగడం. తెలుగులో రాస్తే గొడవే లేదు, చిక్కంతా ఇంగ్లీషు స్పెల్లింగుతోనే. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకి తీసుకెళ్తాం కదా, అది రెండో మాట. అక్కడ చేసేది రాగి తీగ చుట్టడం. మీటింగ్ వైండప్ చేయడమూ అదే. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీది గాలిమరల్లో ఈ రెండు మాటలూ కలుస్తాయి: బయట రెక్కలు తిప్పేది విండ్, లోపల జనరేటర్‌లో ఉండేది వైండింగ్.

ఒకప్పుడు గాలిని కూడా వైండ్ అని పలికిన కాలం ఉంది. షేక్‌స్పియర్ ‘యాజ్ యు లైక్ ఇట్’ నాటకంలోని ఒక పాటలో ఈ మాటకు అన్‌కైండ్‌తో ప్రాస కుదిరింది. ఇప్పుడు మాత్రం అలా పలక్కండి.

గాలి అనే అర్థంలోని విండ్‌కి చుట్టాలు మన దగ్గరే ఉన్నారు. సంస్కృతం నుంచి మనకొచ్చిన వాయువు, వాతం దీని దాయాదులే. లాటిన్‌లో గాలిని వెంటుస్ అనేవారు, వెంటిలేటర్ అందులోంచి వచ్చింది. తెలుగు ‘గాలి’కి ఈ చుట్టరికం లేదు, అది ద్రావిడ మాట, కన్నడ ‘గాళి’కి తోబుట్టువు. విండో సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లండు మీద దండెత్తి అక్కడే స్థిరపడ్డ వైకింగుల భాషలో కిటికీని ‘విండౌగ’ అనేవారు, అంటే గాలికన్ను. మన గవాక్షంలోనూ కన్నే ఉంది, కాకపోతే అది ఆవు కన్ను!

రెండో ప్రశ్న: ఈ గాలి ఎక్కడిది? ఆరుబయటదైతే అర్థం తేలిగ్గానే దొరుకుతుంది. విండ్‌ఫాల్ అంటే మొదట్లో గాలికి రాలిన పండు. చెట్టెక్కే పని లేకుండా దొరికింది కాబట్టి, అనుకోకుండా కలిసొచ్చిన డబ్బుకీ అదే పేరు పెట్టారు. చమురు ధరలు ఎగబాకినప్పుడు, 2022 జులైలో, మన కేంద్ర ప్రభుత్వం ముడిచమురు తీసే కంపెనీల మీద వేసింది విండ్‌ఫాల్ ట్యాక్సే. 2024 డిసెంబరులో ఎత్తేశారు.

కొన్నిచోట్ల గాలి అంటే ఊపిరి. విండెడ్ అంటే ఆయాసపడి రొప్పుతున్నాడని. పరుగులో డీలా పడ్డాక మళ్లీ పుంజుకునే సత్తువ సెకండ్ విండ్. బ్రిటన్ వాళ్లు కడుపులో గ్యాస్‌ని కూడా విండ్ అంటారు. డాక్టర్ దగ్గర ఈ అర్థం తెలియకపోతే భలే తికమక.

ఇంకొన్నిచోట్ల గాలి వాసన మోసుకొస్తుంది. వేటగాడి జాడ జింకకు గాలిలోనే తెలుస్తుంది. అందుకే రహస్యం బయటికి పొక్కి ఎవరి చెవినైనా పడితే ‘గాట్ విండ్ ఆఫ్ ఇట్’ అంటారు. మనం ‘పసిగట్టాడు’ అన్నట్టే.

అభ్యాసం. ఖాళీలో విండ్ వస్తుందా, వైండ్ వస్తుందా? విండ్ అయితే, అది ఏ గాలి?

1. ది ఫాల్ నాక్డ్ ది ___ అవుట్ ఆఫ్ హిమ్.
2. ది రోడ్ ___స్ త్రూ ది ఘాట్.
3. ది ప్రెస్ గాట్ ___ ఆఫ్ ది డీల్.
4. ది బేబీ హ్యాజ్ ___.

పైకే చదివి, తెలుగు లిపిలోనే రాసుకోండి. జవాబులు వచ్చే పాఠంలో, గ్యాస్ అనే మాటతో పాటు.