ఎమ్మారై గది ముందు – మూడో పాఠం: గౌను వేసుకున్నాక ఇంకోసారి

పెద్ద అయస్కాంతం ఉండే ఎమ్మారై గదిలోకి పంపేముందు అడగమని పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నల కాగితాన్ని చాలామంది పేషెంటు ముందు గడగడా చదివేశారని మీరు పంపిన జవాబులు చూస్తేనే తెలుస్తోంది. "ఒంటి మీద ఇనప వస్తువులేమైనా ఉన్నాయా?" "లేవండీ." టిక్కు. ఇక ఒంటి లోపల అమర్చిన ఇంప్లాంట్ల పాఠం వచ్చేసారికే.

ఫోను, తాళాలు, వాచీ గురించి చెప్పను. తల దగ్గర మొదలుపెట్టి కాలివేళ్ల దాకా అడుగుతూ రండి. జడలో ఏం పెట్టారు? కట్టుడు పళ్లు ఎన్ని? మొలతాడుకు ఏం కట్టారు? విడిగా అడక్కపోతే మొలతాడు సంగతి ఎవరూ చెప్పరు, చిన్నప్పటి నుంచి ఉండేదే కదా. ఆటోనగర్‌లో లేతు, గ్రైండింగ్ పని చేసేవాళ్లను "కంట్లో ఇనప రజను ఎప్పుడు పడింది, ఎవరు తీశారు?" అనే అడగండి. పడిందంటే ముందు కంటికి ఎక్స్‌రే, రేడియాలజిస్టు సరేనన్నాకే స్కాన్. లోపల మిగిలిన రజను కదిలితే చూపు పోవచ్చు.

నాకు ఒళ్లు మండేది పిన్నీసుతో. మన ఆడవాళ్ల సూత్రాల గొలుసుకు, గాజులకు ఒకటో రెండో వేలాడుతుంటాయి. గొలుసు తీయమంటే మొహం మాడ్చుకుంటారు. పసుపుకొమ్ము కట్టిన తాడు ఇస్తే ఒప్పుకుంటారు, నేను కౌంటర్లో ఎప్పుడూ ఉంచుతాను. గొలుసు బ్యాగులోకి పోతుంది, పిన్నీసు మాత్రం చేతిలోనే ఉంటుంది. గౌను మెడ వదులుగా ఉందని దాన్నే అక్కడ గుచ్చేసుకుంటారు. మీ కాగితం మీద టిక్కు అప్పటికే పడిపోయింది! బంగారాన్ని అయస్కాంతం లాగదు, అది వేడెక్కడం వేరే సంగతి. స్టీలు పిన్నీసైతే 1.5 టెస్లా (అయస్కాంతం బలానికి కొలత) మిషను దగ్గర ఎగిరిపోతుంది. స్కాన్ జరగకపోయినా, కరెంటు పోయినా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే గౌను వేసుకున్నాక తలుపు దగ్గర మళ్లీ అడగాలి, నర్సమ్మ చేత మెడా వీపూ తడిమించాలి. చేత్తో పట్టుకునే మెటల్ డిటెక్టరును నేను నమ్ముకోను. హుక్కుకీ పిన్నుకీ ఒకేలా అరుస్తుంది, కాసేపటికి ఎవరూ పట్టించుకోరు.

తోడొచ్చినవాళ్లనూ వదలొద్దు. 2018లో ముంబైలో ప్రాణం పోయింది పేషెంటుకు కాదు, ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని లోపలికెళ్లిన బంధువుకి.

అభ్యాసం: ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి, అవును కాదు అని తేల్చేయడానికి వీల్లేని ప్రశ్నలతో ఒంటి మీదున్నవన్నీ రాయండి. చీర మార్చుకుని రమ్మని మళ్లీ మొదటి నుంచి అడగండి. రెండు జాబితాలూ పంపండి. రెండూ అచ్చం ఒకేలా ఉంటే ఇంకొకరితో చేసి పంపండి.