రెండో గీత చదవండి: సీజన్‌కి ముందు అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌ని కాగితం మీద పెట్టే పద్ధతి

డాలస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చిన కొత్తలో, ఆగస్టు వచ్చిందంటే ఆఫీసులో ఎవరు ఎదురుపడినా ఇక్కడి ఫుట్‌బాల్ టీము గురించి ఒకటే ప్రశ్న: "ఈసారి కౌబాయ్స్ ఎలా ఉన్నారు?" నాకు తెలిసింది క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి ఆట నడిపేవాడు) పేరొక్కటే. "డాక్ ఉన్నాడుగా, బానే ఆడతారు" అనేసి కాఫీ పట్టుకుని జారుకునేవాణ్ణి. రెండు మూడేళ్ళు అలా గడిచాక నాకే సిగ్గేసింది. క్రికెట్‌లో ఎవరైనా "కోహ్లీ ఉన్నాడుగా, గెలుస్తారు" అంటే మనం ఎలా చూస్తాం వాణ్ణి?

ఇప్పుడు ఏటా ఆగస్టు రెండో వారంలో నేనూ, మా అమ్మాయీ డైనింగ్ టేబుల్ మీద ఒక పెద్ద చార్టు కాగితం పరిచి కూర్చుంటాం. తను టెన్త్ గ్రేడు, స్కూల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంది, నాకంటే బాగా తెలుసు. పెన్సిల్‌తోనే రాయాలి, పక్కన రబ్బరు ఉండాలి. ఈ పద్ధతి ఏ టీముకైనా పనికొస్తుంది. ఉదాహరణకి మాత్రం 2025 కౌబాయ్స్‌ని తీసుకుంటాను. ఫలితం తెలిసిపోయిన సీజన్ మీద లెక్క వేసి చూసుకుంటే ఎక్కడ తప్పామో అక్కడికక్కడే తెలుస్తుంది. నేను గట్టిగానే తప్పాను.

ముందు కాగితం. మధ్యకి మడిచి ఎడమ పక్క ఆఫెన్స్‌కి (బంతితో దాడి చేసేవాళ్ళు) పదకొండు గళ్ళు, కుడి పక్క డిఫెన్స్‌కి (వాళ్ళని ఆపేవాళ్ళు) పదకొండు గళ్ళు గీయండి. ఒక్కో గడిలో మూడు గీతలు: మొదటి దాని మీద ముందు దిగేవాడు, కింద రెండింటి మీద అతని బదులు ఆడేవాళ్ళు. క్యాంపుకి 90 మందిని తెచ్చుకుంటారు. ఆగస్టు ఆఖరికి వాళ్ళని 53కి దించాలి. ఆ పైన ప్రాక్టీస్ స్క్వాడ్ అని ఇంకో 16 మందిని పెట్టుకోవచ్చు. మీ గళ్ళలో పట్టేది 66 మంది. అంటే రాసినవాళ్ళలో కొందరు పోతారన్నమాట. రబ్బరు అందుకే.

రాసే వరుస ముఖ్యం. క్వార్టర్‌బ్యాక్‌ని ఆఖర్న రాయండి. ముందు అతని ముందు నిలబడే ఐదుగురిని రాయండి: లెఫ్ట్ టాకిల్, లెఫ్ట్ గార్డ్, సెంటర్, రైట్ గార్డ్, రైట్ టాకిల్. టీవీలో వీళ్ళ పేరు వినిపించిందంటే ఏదో తప్పు చేశారనే. కానీ మిగతా ఆటంతా వీళ్ళు కొనిచ్చే రెండున్నర, మూడు సెకన్ల మీద నడుస్తుంది. 2025లో మా కాగితం మీద ఎడమ నుంచి కుడికి టైలర్ గైటన్, టైలర్ స్మిత్, కూపర్ బీబీ, టైలర్ బుకర్, టెరెన్స్ స్టీల్. ఐదుగురిలో ముగ్గురు టైలర్లు. మా ఆవిడ అటుగా వెళ్తూ చూసి "కుట్టుమిషన్లు కూడా కొన్నారా?" అంది.

ఇప్పుడు ఒక్కో పేరు పక్కన వయసు, ఎలా వచ్చాడో రాయండి. గైటన్ 2024 డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకోవడం) మొదటి రౌండు, స్మిత్ 2022 మొదటి రౌండు, బుకర్ 2025 మొదటి రౌండు, పన్నెండో పిక్. ఏళ్ళ తరబడి రైట్ గార్డ్‌లో గోడలా నిలబడిన జాక్ మార్టిన్ ఆ ఏడాది మొదట్లోనే రిటైరయ్యాడు. అతని చోటికే బుకర్ వచ్చాడు. అంటే టీము ఈ గోడ మీద డబ్బు కంటే డ్రాఫ్ట్ పిక్‌లు ఎక్కువ పోసిందని కాగితం చెప్తోంది. మంచి సూచనే. కానీ గైటన్, బుకర్ ఇద్దరికీ కలిపి చూస్తే అనుభవం ఒక్క సీజనే.

ఇక అసలు సంగతి. మొదటి గీత మీద పేర్లు ఏ టీముకి చూసినా ముచ్చటగానే ఉంటాయి. మీరు చదవాల్సింది రెండో గీత. 18 వారాల్లో 17 ఆటలు. దెబ్బ తగలకుండా ఇరవై రెండు మందీ చివరిదాకా ఉన్న టీముని నేనింతవరకూ చూళ్ళేదు. 2021, 2022, 2023 మూడేళ్ళూ కౌబాయ్స్ వరసగా 12-5 (పన్నెండు గెలుపులు, ఐదు ఓటములు). 2024లో కూడా అంతేనని నేను ధీమాగా ఉన్నాను. నవంబరు మొదట్లో అట్లాంటాతో ఆటలో డాక్ ప్రెస్కాట్‌కి తొడ కండరం తెగింది, మిగతా సీజన్ ఎక్కువగా కూపర్ రష్ ఆడాడు. 7-10తో ముగించారు. ఆ ఏడాది నా కాగితం మీద క్వార్టర్‌బ్యాక్ గడిలో రెండో గీత ఖాళీ. రాయడానికి బద్ధకించాను.

రెండో గీత నింపేటప్పుడు ఒక్కో పేరునీ ఇలా అడగండి: ఇతను నాలుగు వారాలు వరసగా ఆడాల్సి వస్తే కోచ్ ఆట మార్చుకోవాలా, అక్కర్లేదా? అక్కర్లేకపోతే టిక్కు. మార్చుకోవాల్సి వస్తే గుండ్రం చుట్టండి. ఒక పక్క ఐదు గుండ్రాలు దాటితే నేను ఆ టీము నుంచి రెండు గెలుపులు కోసేస్తాను. దీనికి శాస్త్రమేం లేదు, నా అనుభవం.

దెబ్బల గురించి వేరే రంగు పెన్సిల్ పెట్టుకోండి. మా ఇంట్లో ఎరుపు. గత రెండేళ్ళలో పెద్ద దెబ్బ తగిలినవాడి పేరు కింద ఎర్రగీత. 2025లో కార్నర్‌ల (పాస్ పట్టే అవతలి రిసీవర్లని కాపలా కాసేవాళ్ళు) దగ్గరకి వచ్చేసరికి మా అమ్మాయి పెన్సిల్ చెక్కుకోవాల్సి వచ్చింది. ట్రెవాన్ డిగ్స్: 2021లో పదకొండు ఇంటర్సెప్షన్లు (అవతలివాళ్ళ పాస్‌ని మధ్యలో లాక్కోవడం), పెద్ద పేరు. కానీ 2023లో మోకాలి లిగమెంట్ తెగింది, 2024లో మళ్ళీ అదే మోకాలు. డారన్ బ్లాండ్: 2023లో ఐదు ఇంటర్సెప్షన్లని టచ్‌డౌన్లు (ఆరు పాయింట్ల స్కోరు) చేసి లీగ్ రికార్డు కొట్టాడు. 2024లో పాదం ఎముక విరిగి సగం పైగా సీజన్ పోయింది. మూడో రౌండులో తీసుకున్న కుర్రాడు షవాన్ రెవెల్‌కి కాలేజీలోనే మోకాలు పోయింది, ఇంకా కోలుకుంటున్నాడు. "మూడు గీతలూ నిండాయిగా" అన్నాను నేను. "పేర్లు నిండాయి నాన్నా, కాళ్ళు నిండలేదు" అంది. నేను వినలేదు.

ఇప్పుడు స్కీము, అంటే కోచ్ ఆడించే తీరు. కొత్తవాళ్ళు ఇక్కడే భయపడతారు. భయం అక్కర్లేదు. ముందు కోచ్ ఎక్కడ నుంచి వచ్చాడో చూడండి. మన వంటవాళ్ళలాగే, గోదావరి జిల్లా వంటాయన ఊరు మారితే చేతివాటం మారదు. 2025లో హెడ్ కోచ్ బ్రయాన్ షాటెన్‌హైమర్. అంతకుముందు రెండేళ్ళు ఇక్కడే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్, కాబట్టి డాక్‌కి కొత్త భాష నేర్చుకునే బాధ లేదు. అతని కింద కోఆర్డినేటర్‌గా క్లేటన్ ఆడమ్స్‌ని అరిజోనా నుంచి తెచ్చారు. అక్కడ అతను ఆఫెన్సివ్ లైన్ కోచ్, అంటే ముందు నిలబడే ఆ ఐదుగురికి. లైన్ కోచ్‌ని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారంటే పరుగు ఆట మీద మనసుందని అర్థం. డిఫెన్స్‌కి మ్యాట్ ఎబర్‌ఫ్లూస్. ఇండియానాపోలిస్‌లో కోఆర్డినేటర్‌గా, షికాగోలో హెడ్ కోచ్‌గా చేసినవాడు. ముందు నలుగురు, వెనక జోన్, అంటే మనిషిని కాకుండా చోటుని కాపలా కాయడం. అది అతని చేతివాటం.

తర్వాత వీడియో. ప్రీసీజన్ ఆటైనా సరే, ఆ కోచ్ పాత టీము ఆటైనా సరే. స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణం) ముందు ఆపండి. ఆఫెన్స్‌లో రన్నింగ్ బ్యాక్‌లని (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళు), టైట్ ఎండ్‌లని (అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాళ్ళు) లెక్కపెట్టండి. ఒక బ్యాక్, ఒక టైట్ ఎండ్ ఉంటే దాన్ని "11" అంటారు. ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లైతే "12". మొదటి అంకె బ్యాక్, రెండోది టైట్ ఎండ్, మిగిలినవాళ్ళు రిసీవర్లు. ఇరవై స్నాప్‌లు ఇలా రాసుకుంటే ఆ కోచ్‌కి ఎవరు కావాలో తెలిసిపోతుంది.

డిఫెన్స్‌లో నేను చూసేది కార్నర్ నడుము. రిసీవర్‌కి ఎదురుగా, అతని మీదే కళ్ళు పెట్టి వెంట పరిగెత్తేవాడు మ్యాన్ ఆడుతున్నాడు. నాలుగడుగులు వెనక్కి తగ్గి, నడుము లోపలికి తిప్పి, క్వార్టర్‌బ్యాక్ కళ్ళు చదువుతున్నవాడు జోన్ ఆడుతున్నాడు. పది స్నాప్‌లు చూస్తే మీకే పట్టుబడుతుంది. ఇప్పుడు కాగితం మీదకి రండి. డిగ్స్, బ్లాండ్ పేరు తెచ్చుకున్నది డాన్ క్విన్ కోచింగ్‌లో, మ్యాన్ ఎక్కువ ఆడే డిఫెన్స్‌లో. వచ్చినాయనది జోన్. మంచి ఆటగాళ్ళే, మంచి కోచే, కానీ ఒకరి చెప్పులో ఇంకొకరి కాలు. ఇలాంటి చోట కాగితం మీద కోచ్ పేరుకీ ఆటగాడి పేరుకీ మధ్య అడ్డగీత గీయండి.

డబ్బు గురించి క్లుప్తంగా చెప్తాను. ఐపీఎల్ వేలం పర్సు తెలుసుగా, ఇక్కడ దాన్ని సాలరీ క్యాప్ అంటారు. 2025లో 279.2 మిలియన్ డాలర్లు. డాక్ కాంట్రాక్టు సగటున ఏడాదికి 60, రిసీవర్ సీడీ ల్యాంబ్‌ది 34. సగటు లెక్కలో ఇద్దరికే మూడో వంతు. అయితే ఆ ఏడాది క్యాప్‌లో పడేది సగటు కాదు. జీతాన్ని బోనస్‌గా మార్చి వచ్చే ఏళ్ళ మీదకి తోస్తారు, క్రెడిట్ కార్డు బిల్లుని ఈఎంఐలు చేసుకున్నట్టు. మీరు గుర్తు పెట్టాల్సింది ఒక్కటి: కాంట్రాక్టు ఆఖరి ఏడాదిలో ఉన్నవాడి పేరు పక్కన "ఆ" అని రాయండి. అలాంటివాడు ప్రాణం పెట్టి ఆడొచ్చు, గొడవ పెట్టుకుని వెళ్ళిపోనూవచ్చు. 2025లో మా కాగితం మీద రెండు పెద్ద "ఆ"లు. ఒకటి పిట్స్‌బర్గ్ నుంచి ట్రేడ్‌లో తెచ్చుకున్న రిసీవర్ జార్జ్ పికెన్స్. రెండోది మైకా పార్సన్స్, నాలుగేళ్ళలో 52.5 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) కొట్టిన పాస్ రషర్.

ప్రీసీజన్ మూడు ఆటల్లో స్కోరు చూడొద్దు. పేరున్నవాళ్ళు దాదాపు ఆడరు. కికాఫ్‌లో అందరికంటే ముందు దూసుకెళ్ళి టాకిల్ చేస్తున్నది ఎవరో చూడండి, 50 నుంచి 53 దాకా ఉన్న సీట్లు అక్కడే దొరుకుతాయి. టీము వెబ్‌సైట్లో పెట్టే డెప్త్ చార్ట్ (ఎవరి వెనక ఎవరున్నారో చెప్పే పట్టిక) మీద "అనధికారికం" అని వాళ్ళే రాస్తారు, ఆ మాట నమ్మండి. కిక్కర్‌ని మర్చిపోకండి. మా కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ ఒకప్పుడు సాకర్ ఆడాడు, తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగం చేశాడు. ఈ ఊళ్ళో మనవాళ్ళకి అతనంటే ఉన్న అభిమానం వేరే చెప్పాలా? 2025 రెండో వారం జెయింట్స్ మీద ఓడిపోయే ఆటని 64 గజాల ఫీల్డ్ గోల్‌తో (స్తంభాల మధ్యకి కొట్టే కిక్కు) ఓవర్‌టైమ్‌కి లాక్కెళ్ళాడు.

ఇప్పుడు నా తప్పు. ఆగస్టు 26 కోతల రోజు. ఆ రాత్రే 53 పేర్లూ దిద్దుకుని, అడుగున 10-7 అని రాసి, కాగితం ఫ్రిజ్ మీద అంటించేశాను. పార్సన్స్ ఆగస్టు మొదట్లోనే ట్రేడ్ చేయమని బయటికే అడిగాడు. క్యాంపులో వెన్ను పట్టేసిందని ప్రాక్టీసుకి దిగలేదు. పక్కన "ఆ" అని నా చేత్తోనే రాశాను. అయినా "ఏటా ఇదే తంతు, ఆఖరికి సంతకం పెడతాడులే" అనుకున్నాను. 28న అతన్ని గ్రీన్ బే టీముకి పంపేశారు. బదులుగా రెండు మొదటి రౌండు పిక్‌లు, కెన్నీ క్లార్క్ అనే బరువైన డిఫెన్సివ్ టాకిల్. నేను మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ ఆగకుండా మోగుతోంది, ఇంటి దగ్గర ఎవరికేమైందోనని టెన్షన్ పడి బయటికొచ్చి చూస్తే ఇదీ సంగతి.

కాబట్టి మొదటి ఆట కికాఫ్ అయ్యేదాకా కాగితం అంటించకండి. పెద్ద పేరు పోయినప్పుడు కొత్తగా వచ్చినవాణ్ణి ఆ గడిలో రాసేసి సరిపెట్టుకోవద్దు. క్లార్క్ మధ్యలో పరుగు ఆపేవాడు, పార్సన్స్ అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకి వెళ్ళేవాడు. వేరే వేరే గళ్ళు. పార్సన్స్ గడిలో రెండో గీత మీద ఉన్న కుర్రాళ్ళు ఒక్కో గీత పైకి జరుగుతారు. అవతలి క్వార్టర్‌బ్యాక్‌కి ఒక సెకను ఎక్కువ దొరుకుతుంది. ఆ సెకను ఎవరి నెత్తిన పడుతుంది? ఎర్రగీతలున్న కార్నర్‌ల నెత్తిన. అప్పటికి గానీ మా అమ్మాయి మాట నా బుర్రకెక్కలేదు. రబ్బరు తీసి 8-9 అని దిద్దాను.

జరిగింది దాదాపు అదే. ఆఫెన్స్ దుమ్ము లేపింది. డాక్ పాస్‌లతో 4,500 గజాలు దాటించాడు, పికెన్స్ 1,400, చవగ్గా తెచ్చుకున్న రన్నింగ్ బ్యాక్ జావాంటె విలియమ్స్ 1,200. (1,200 గజాలంటే మా గుంటూరులో మూడు తరాలు కూర్చుని తినొచ్చు.) డిఫెన్స్ మాత్రం లీగ్ మొత్తం మీద ఎక్కువ పాయింట్లు ఇచ్చుకుంది. ఆఖరికి 7-9-1.

ఆ చివరి ఒకటి సెప్టెంబర్ 28 రాత్రిది. పార్సన్స్ గ్రీన్ బే చొక్కా వేసుకుని కౌబాయ్స్ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ వచ్చాడు. మా ఇంట్లో ఎనిమిది మందిమి, ఓడిన పక్షం బిర్యానీ డబ్బులు కట్టాలని పందెం. ఓవర్‌టైమ్ కూడా అయ్యాక 40-40. కాసేపు ఎవరికీ ఏం చేయాలో తోచలేదు, అప్పటికి బిర్యానీ తినేశాం కూడా. చివరికి ఎవరి ప్లేటు డబ్బులు వాళ్ళే కట్టుకున్నారు. కాగితం అడుగున గెలుపు, ఓటమి అని రెండు గళ్ళే గీసేవాణ్ణి నేను. ఇప్పుడు మా అమ్మాయి మూడోది కూడా గీస్తుంది.