పాత బండి కొని బాగుచేద్దామనుకుంటున్నారా? బేరానికి ముందే లక్షణం పట్టుకోండి

మొదటిసారి పాత మోటార్ సైకిల్ కొని బాగుచేసుకుందామనుకునేవాళ్లు నేరుగా ఇంజన్ దగ్గరికి వెళ్తారు. ఇంజన్‌ను చివర చూడండి. వరంగల్, హనుమకొండల్లో ఇంజన్ విప్పి బిగించే మెకానిక్‌లకు, బోర్ కొట్టే, అంటే సిలిండర్ లోపలి గోడను కోసి సరిచేసే లేత్ షాపులకు కొదవ లేదు. లేని కాగితాన్ని పుట్టించే మెకానిక్ మాత్రం ఎక్కడా దొరకడు. అందుకే ఇక్కడ కాగితాల సమస్యలే ముందు రాస్తున్నాను.

సమస్య: ఆర్‌సిలో పేరు ఒకరిది, అమ్మేది మరొకరు

ఊళ్లలో కొట్టం కింద పడి ఉన్న బండ్లలో చాలావాటి కథ ఇదే. "మా కాక దగ్గర తీసుకున్న అన్నా, కాయిదాలు ఇంట్లనే ఉన్నయ్" అంటాడు. ఆ కాక కూడా ఇంకెవరి దగ్గరో కొని ఉంటాడు. పేరు మార్పించుకోకుండానే బండి మూడు చేతులు మారి ఉంటుంది.

పరిష్కారం మధ్యలోవాళ్ల దగ్గర ఉండదు. ఆర్‌సిలో పేరున్న మనిషి బతికుండి, పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకం చేయడానికి ఒప్పుకుంటేనే బేరం మొదలుపెట్టండి. ఆయన చనిపోయి ఉంటే, ముందు వారసులు ఫారం 31తో తమ పేరు మీదికి మార్చుకోవాలి. ఆ తర్వాతే మీకు అమ్మాలి. ఆర్‌సిలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరిందన్న ఫారం 35 కూడా కావాలి. అప్పు ఎప్పుడో తీరిపోయి, కంపెనీ మూతపడితే ఆ కాగితం కోసం తిరగాల్సింది కొన్నవాళ్లే. ఆ తిరుగుడు అమ్మేవాళ్లనే తిరగమనండి.

నంబర్ ప్లేట్ మీద ఏపీ 36 అని ఉంటే టెన్షన్ అక్కర్లేదు. తెలంగాణ రాకముందు వరంగల్ జిల్లా కోడ్ అదే. 1989కి ముందువి, మూడక్షరాల నంబర్లున్నవి మాత్రం ఆన్‌లైన్‌లో కనబడకపోవచ్చు. అలాంటప్పుడు ఆర్టీఏ ఆఫీసులో పాత రికార్డు ఉందో లేదో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

ఆర్‌సి గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని ఆఫీసులో చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. రెన్యువల్ ఎప్పుడు ఆగిపోయిందో ముందే చూసుకోండి, ఆలస్యానికి అదనపు ఫీజు పడుతుంది. "ఇది వింటేజ్ బండి, దానికి రూల్స్ వేరే" అనేవాళ్ల మాట నమ్మకండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్లు నిండాలి.

సమస్య: ఛాసిస్ నంబర్ మీద పెయింట్ మందంగా ఉంది

బట్టకు కాస్త థిన్నర్ తడిపి నంబర్ మీద మెల్లగా రుద్దండి. టార్చి లైటును ఎదురుగా కాకుండా పక్కనుంచి, రేకుకు ఆనించినట్టు పట్టండి. కంపెనీ కొట్టిన అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో కనబడతాయి. ఒక అక్షరం పైకి, ఒకటి కిందికి ఉన్నా, చుట్టూ గ్రైండర్ గీతలు తేలినా ఆ బండి దొంగబండి అయ్యుండొచ్చు. దీనికి రిపేరు లేదు, వచ్చేయండి. ఇంజన్ నంబర్ ఒక్కటే ఆర్‌సితో కలవకపోతే ఎప్పుడో ఇంజన్ మార్చారన్నమాట. అది ఆర్‌సిలో ఎక్కిందా, ఆ ఇంజన్‌కు బిల్లు ఉందా అడగండి. రెండూ లేకపోతే మొదటిసారి కొనేవాళ్లకు ఆ బండి వద్దు.

సమస్య: హెడ్‌లైట్ డూమ్ లోపల ఎండిన మట్టి

2023 జులై చివర్లో వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్లలో ఉన్నాయి, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మొత్తం మునిగింది. అప్పుడు మునిగిన బండ్లు కడిగి, పాలిష్ పెట్టాక పైకి ఏమీ తెలియదు. హెడ్‌లైట్ విప్పి వెనక చూడండి. సీటు కింద వైరింగ్ కప్లర్లు ఊడదీసి చూడండి, పిన్నులకు ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. ఇంజన్ ఆయిల్ పాల టీ రంగులో ఉంటే లోపల నీళ్లున్నట్టే. ఇలాంటి బండికి బేరింగులు, వైరింగ్, స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి అన్నీ మార్చాల్సి వస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు విడిభాగాల కోసం కొంటే కొనొచ్చు. మొదటి బండిగా మాత్రం తీసుకోకండి.

సమస్య: కిక్ అస్సలు దిగడం లేదు

భయపడి వదిలేయాల్సిన పనిలేదు, ధర తగ్గించుకోవడానికి ఇది మంచి అవకాశం. ముందు బండిని టాప్ గేర్‌లో వేసి మెల్లగా ముందుకు తోయండి. చక్రంతో పాటు ఇంజన్ తిరిగితే తప్పు కిక్ షాఫ్ట్‌దే, అది చిన్న పని. చక్రం బిగుసుకుపోతే పిస్టన్ పట్టేసినట్టు. ఏళ్ల తరబడి నిలబడిన బండిలో రింగులు తుప్పుపట్టి బోర్‌కు అతుక్కుంటాయి.

ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో చక్రాన్ని ముందుకు వెనక్కు మెల్లగా కదపండి. సుత్తితో కొట్టకండి, కిక్ మీద ఎక్కి నిలబడకండి. వదులయ్యాక వెంటనే స్టార్ట్ చేయకుండా హెడ్ విప్పి బోర్‌లో గోరుతో గీసి చూడండి. గోరు తగులుకునే గీత ఉంటే బోర్ కొట్టించాల్సిందే. పిస్టన్ నెత్తి మీద సైజు అంకె ఉంటుంది. చాలా బండ్లకు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వస్తాయి. ఇప్పటికే 1.00 వేసి ఉంటే స్లీవ్, అంటే సిలిండర్ లోపల కొత్త గొట్టం వేయించాలి. ఆ ఖర్చు లెక్కేసుకుని బేరం ఆడండి.

సమస్య: స్టార్ట్ అవుతుంది కానీ పొగ ఆగడం లేదు

వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారు. చల్లారేదాకా కూర్చోండి, అసలు లక్షణం చల్లని ఇంజన్‌లోనే బయటపడుతుంది.

ఫోర్‌స్ట్రోక్ బండిలో స్టార్ట్ కాగానే నీలం పొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగాయి. రేస్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోర్ చూడాలి.

టూస్ట్రోక్‌లో ఆయిల్ కలిసే మండుతుంది కాబట్టి కొంత పొగ మామూలే. బాగా వేడెక్కాక కూడా తెల్లగా, దట్టంగా వస్తూ, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) సీల్ పోయింది. ఇంజన్ గేర్ ఆయిల్‌ను లాగి కాలుస్తోంది. చాలా బండ్లలో ఈ సీల్ కోసం ఇంజన్‌ను రెండుగా విడదీయాలి. విప్పినప్పుడే క్రాంక్ బేరింగులు కూడా మార్పించండి.

ఇంకో లక్షణం దీనికంటే ప్రమాదం. యాక్సిలేటర్ వదిలినా రేస్ వెంటనే దిగదు. మాగ్నెట్ వైపు సీల్ నుంచో, కార్బరేటర్ వెనక పగిలిన రబ్బరు నుంచో గాలి లాగుతోంది. అమ్మేవాళ్లు "పికప్ మస్తుంటది" అంటారు. అలాగే నడిపితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. బాగుచేయడం మాత్రం తేలికే, రబ్బరు, సీల్ రెండూ బయటి నుంచే మార్చవచ్చు.

సమస్య: ఇంజన్ బాగుంది, పైన సగం సామాను లేదు

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఎస్కార్ట్స్ తయారుచేసిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో ఆగింది. మైసూర్ ఐడియల్ జావా కూడా అదే ఏడు మూతపడింది. 2018 తర్వాత వచ్చిన కొత్త జావా, యెజ్డీ సామాన్లు పాతవాటికి పట్టవు. సైడ్ ప్యానెళ్లు, మీటర్, అసలు కార్బరేటర్, సైలెన్సర్ విడిగా వెతుక్కుంటూ పోతే బండి ధరను దాటిపోతాయి. హైదరాబాద్ పుత్లీబౌలిలో దొరికేవాటిలో డూప్లికేట్లు కూడా ఉంటాయి, బోల్టు రంధ్రాలు కుదరక మళ్లీ వెల్డింగ్ పెట్టాల్సి వస్తుంది.

లేని సామాన్ల జాబితా రాసుకుని, ముందు వాటి ధరలు కనుక్కుని, ఆ తర్వాతే బండి ధర మాట్లాడండి. చేతిపని నేర్చుకోవడమే ఉద్దేశమైతే పాత స్ప్లెండర్ గానీ సీడీ 100 గానీ తీసుకోండి. సామాను నర్సంపేటలో, పరకాలలో కూడా దొరుకుతుంది. ఆర్‌ఎక్స్ మీద మనసుంటే రెండో బండిగా చూసుకోండి.

చిన్నవి

ట్యాంకులో తుప్పు ఉంటే గుప్పెడు నట్లు, వెనిగర్ వేసి ఊపి, వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఎండబెట్టి కాస్త ఆయిల్ తిప్పండి. అడుగున చిల్లులు పడితే ట్యాంకు మార్చడమే మేలు. ఎలుకలు కొరికిన వైరింగ్‌కు అతుకులు వద్దు, కొత్త హార్నెస్ (మొత్తం వైర్ల కట్ట) వేయండి. చేతులు వదిలితే బండి ఒక పక్కకు లాగుతుంటే ముందు టైర్లు, బేరింగులు చూడండి. అవి బాగుంటే ఫోర్క్ గానీ ఛాసిస్ గానీ వంగింది. ఛాసిస్ అయితే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.