క్రాబ్‌యాపిల్ నీరసించిందా? ముందు చెట్టు మొదలు చూడండి

క్రాబ్‌యాపిల్ అంటే పూల అందం కోసం పెంచే, చిన్న కాయల యాపిల్ జాతి చెట్టు. లక్షణం: నాటిన నాలుగైదేళ్లకూ పూత పలచగానే ఉంటుంది. ఆకులు చిన్నబోతాయి, ఒక పక్క కొమ్మలు ఎండుతుంటాయి, మిగతా చెట్లకంటే ముందే ఆకు రంగు మారుతుంది. వెంటనే ఎరువు వేస్తారు, మందు కొడతారు. మొదలు దగ్గర మట్టి తీసి చూసేవాళ్లే కరువు. దయచేసి ముందు ఆ పని చేయండి.

కాండం నేలను తాకేచోట వెడల్పై వేళ్లుగా విచ్చుకోవాలి. పాతిన స్తంభంలా తిన్నగా దిగిపోతోందంటే మొదలు పూడిపోయినట్టే. ‘కుండీలో ఉన్న మట్టం వరకే నాటాం’ అని ధీమా పడొద్దు. నర్సరీలో కుండీ మార్చేటప్పుడు పైన మట్టి చేరుతుంది, మొక్క కుండీలోనే లోతుకు దిగి ఉంటుంది. పూడిన బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది. కుండీ గోడ వెంట తిరిగిన వేళ్లు, కాండం లావెక్కేకొద్దీ దాన్ని బిగించేస్తాయి. అందుకే చెట్టు మొదట్లో బాగానే పెరిగి తర్వాత దిగజారుతుంది, నాటడంలో లోపమని ఎవరికీ తట్టదు.

పరిష్కారం: చేత్తోనో చెక్కపుల్లతోనో, బెరడు గీసుకోకుండా మట్టి తీయండి. పీచు వేళ్లు తగిలితే ఆగకండి, వాటిని కత్తిరించి మొదటి పెద్ద వేరు కనిపించేదాకా వెళ్లండి. చుట్టుకున్న సన్న వేళ్లను కోసేయండి. లావుపాటివి రెండుంటే ఏడాదికొకటి చొప్పున, చిగురు వేయకముందు తీయండి. బెరడులోకి దిగిపోయినదాన్ని లాగొద్దు; రెండు వైపులా కోసి అక్కడే వదిలేయండి. గుంత మళ్లీ పూడ్చకుండా అంచులు వాలుగా సరిచేయండి. మల్చ్ (మొదలు చుట్టూ నేలపై పరిచే ఆకులు, చెక్కపొట్టు లాంటి పొర) 5-8 సెంటీమీటర్లు చాలు, కాండానికి 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. నిరుడు నాటిన మొక్కయితే చెట్టు ఆకు రాల్చి నిద్రలో ఉండగా వేళ్లగడ్డతో సహా తీసి, పైకెత్తి నాటడమే మేలు.

మొదలు బాగుండీ పూయకపోతే కత్తిరింపు ఎప్పుడు చేశారో గుర్తు తెచ్చుకోండి. వచ్చే ఏటి మొగ్గ ఈ వేసవిలోనే కడుతుంది, ఆ తర్వాత కత్తిరిస్తే పోయేది పూతే. రోజుకు 6 గంటల ఎండ పడాలి. లాన్‌కు వేసే నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. అంటు కింద లేచే పిలకలను ఎప్పటికప్పుడు తీసేయండి. కొన్ని రకాలు ఏడాది విడిచి ఏడాది పూస్తాయి, అది జబ్బు కాదు.

ఆకులపై ఆలివ్ రంగు మచ్చలు పడి వేసవిలోనే రాలితే అది స్కాబ్ అనే శిలీంధ్ర తెగులు. రాలిన ఆకులు ఏరి తీసేయండి. మందు చిగురు వేళే మొదలవ్వాలి, మచ్చలు కనిపించాక కొట్టి లాభం లేదు. ఏటా వేధిస్తుంటే షుగర్ టైమ్, అడిరాండాక్ లాంటి తట్టుకునే రకం వేసుకోండి. కొమ్మ కొస నల్లగా కాలినట్టై వంకీ తిరిగితే అది ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులు. కాలినట్టున్న భాగానికి 25 సెంటీమీటర్ల కిందికి కోసి, ప్రతి కోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. నారింజ మచ్చలు దగ్గర్లోని జూనిపర్ (సూదుల్లాంటి ఆకుల మొక్క) నుంచి వచ్చే తుప్పు తెగులు, దానితో చెట్టు చావదు.